తీరం వెంట ఇంటివాళ్లు నడిపే చేపల హోటళ్లలో భోజనం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇచ్ఛాపురం నుంచి తడ వరకు, పాత లెక్క ప్రకారం 974 కిలోమీటర్లు సాగే ఆంధ్ర తీరం వెంట, ఒకే కుటుంబం నడుపుకునే చిన్న చేపల హోటళ్లు చాలా ఉన్నాయి. ఇంటాయన తెల్లవారకముందే రేవుకు వెళ్లి వేలంలో చేపలు పాడుకొస్తాడు, ఇల్లాలు పొయ్యి దగ్గర ఉంటుంది, కొడుకో కోడలో వడ్డన చూసుకుంటారు. విశాఖపట్నం నుంచి భీమిలి వెళ్లే బీచ్ రోడ్డు మీద, కాకినాడ నుంచి ఉప్పాడ వెళ్లే దారిలో, అంతర్వేది, సూర్యలంక, వాడరేవు, మైపాడు వంటి చోట్ల ఇలాంటివి కనిపిస్తాయి. సెలవులకు తీరానికి వెళ్లే బంధువులు, స్నేహితులు ఏళ్ల తరబడి నన్ను అడుగుతూ వచ్చిన ప్రశ్నలకు జవాబులు ఇక్కడ ఒకచోట చేర్చాను. ఏ హోటల్ పేరునూ సిఫారసు చేయడం ఈ జవాబుల ఉద్దేశం కాదు. ఎక్కడ కూర్చున్నా బాగా తినడం ఎలాగన్నదే ఇక్కడి విషయం.

మెనూ కార్డు లేని చోట ఏమని అడగాలి?

"ఈ రోజు ఏం వచ్చాయి?" అని అడగండి. తీరప్రాంతపు హోటల్‌లో ఇంతకంటే పనికివచ్చే ప్రశ్న మరొకటి లేదు. మనలో చాలామంది ఇంటి దగ్గరే మనసులో ఒక వంటకం అనుకొని బయలుదేరి, అక్కడికి వెళ్లాక "వంజరం వేపుడు ఉందా?" అని మొదలుపెడతాం. లేదంటే అప్పటికే నిరాశ. ఉందని అన్నారంటే అది నిన్నటిదో మొన్నటిదో ఐసులో పెట్టినది కావచ్చు, ఎందుకంటే అడిగిన చేప లేదని చెప్పి వచ్చినవాళ్లను వెనక్కి పంపడానికి ఏ హోటల్‌కూ మనసు రాదు.

భీమిలి దగ్గర ఒక తాటాకు పాకలో నేను ఇదే పొరపాటు చేసినప్పుడు, అక్కడి పెద్దావిడ కత్తిపీట మీద నుంచి తల ఎత్తకుండానే, "వంజరం నేదు బాబూ, కానాగంతలొచ్చేయి, తింతారేటి?" అంది. ఆమె ముందు పళ్లెంలో కానాగంతలు అరచేతి పొడవున, వీపు మీద నీలి ఆకుపచ్చ చారలతో ఇంకా మెరుస్తూ ఉన్నాయి. ఆ రోజు తిన్న ముప్పై రూపాయల చేప ముందు, అంతకు ముందు పెద్ద హోటళ్లలో తిన్న వందల రూపాయల వంజరం ముక్కలు నాకు గుర్తు కూడా రాలేదు. సముద్రం ఇచ్చినదాన్ని బట్టి వండే ఇంట్లో, ఆ రోజు వంటను ఎంచుకునేది మీరు కాదని ఒప్పుకుంటే సగం పని అయిపోయినట్టే.

ఏ వేళకు వెళితే మంచిది?

మధ్యాహ్న భోజనానికి, వీలైతే పన్నెండున్నర లోపల వెళ్లండి. ఊళ్లలోని చిన్న ఫైబరు తెప్పలు చీకటితోనే వేటకు వెళ్లి పొద్దెక్కేలోగా ఒడ్డుకు వస్తాయి కాబట్టి, ఆ చేపలు మధ్యాహ్నానికల్లా పొయ్యి మీదకు చేరతాయి. పెద్ద మరబోట్ల సంగతి వేరు. అవి రోజుల తరబడి, కొన్నిసార్లు రెండు వారాల దాకా సముద్రం మీదే ఉండి, పట్టిన చేపలను ఐసులో పెట్టుకొని హార్బరుకు తెస్తాయి. ఆ చేప చెడిపోయిందని కాదు, ఐసు సరిగా వేసి ఉంటే అదీ బాగానే ఉంటుంది. కాని "హార్బరు నుంచి ఇప్పుడే తెచ్చాం" అన్న మాటకు "ఈ రోజే పట్టింది" అనే అర్థం రాదని గుర్తుంచుకోవాలి. తెప్ప చేపా, బోటు చేపా అని అడిగితే, పని తెలిసిన ఇంటివాళ్లు మిమ్మల్ని కాస్త గౌరవంగా చూసి నిజమే చెబుతారు.

రాత్రి భోజనానికి వెళితే పులుసు తినడం మేలు. దాని కారణం కింద వస్తుంది.

చేప తాజాదో కాదో మాకు తెలిసేదెలా?

వండకముందు చూపించమని అడగడంలో తప్పేమీ లేదు. చాలామంది యజమానులు అడగకముందే పళ్లెంలో పెట్టి తెస్తారు. తాజా చేప కన్ను ఉబ్బి, తేటగా ఉంటుంది. పాతదైతే కన్ను లోపలికి దిగి, పాలపొర కమ్మినట్టు కనిపిస్తుంది. మొప్పలు ఎత్తి చూస్తే ఎర్రగా ఉండాలి, గోధుమరంగుకు తిరిగి ఉండకూడదు. వేలితో నొక్కితే కండ గుంట పడకుండా తిరిగి పైకి రావాలి. వాసన విషయంలో ఒక అపోహ ఉంది: తాజా చేపకు నీచువాసన ఎక్కువగా ఉంటుందని కొందరు అనుకుంటారు. నిజానికి అప్పుడే పట్టిన చేపకు సముద్రపు గాలి వాసన తప్ప పెద్దగా ఏమీ ఉండదు. ముక్కు పుటాలకు గుచ్చుకునే ఘాటు వస్తున్నదంటే మాత్రం అది వద్దని చెప్పేయవచ్చు.

కానాగంతలు, సూర (ట్యూనా) చేపల విషయంలో ఇంకొంచెం జాగ్రత్త కావాలి. ఈ జాతి చేపలను పట్టిన తరువాత ఎండలో, ఐసు లేకుండా వదిలేస్తే వాటి కండలో హిస్టమిన్ అనే పదార్థం పేరుకుపోతుంది. ఎంతసేపు ఉడికించినా, వేయించినా అది పోదు. అలాంటి చేప తిన్న కొద్దిసేపటికే ముఖం ఎర్రబడడం, తలనొప్పి, ఒళ్లంతా దురద వంటివి కనిపిస్తాయి. దీన్ని చాలామంది "చేప పడలేదు" అని సరిపెట్టుకుంటారు. పడకపోయింది చేప కాదు, దాన్ని భద్రపరచిన తీరు. నాలుక మీద మిరియం నమిలినట్టు చురుక్కుమంటే ఆ ముక్క అక్కడే ఆపేయాలి.

వేసవి సెలవుల్లో వెళితే సముద్రపు చేపలు దొరకవంటారు, నిజమేనా?

కొంతవరకు నిజం. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల పాటు మరబోట్లు, మోటారు అమర్చిన బోట్లు వేటకు వెళ్లకూడదు. చేపలు గుడ్లు పెట్టే కాలం కాబట్టి ఈ నిషేధం. మోటారు లేని సంప్రదాయ తెప్పలకు మినహాయింపు ఉంది కనుక తీరానికి దగ్గరగా దొరికే చిన్న చేపలు కొద్దికొద్దిగా వస్తూనే ఉంటాయి. మన పిల్లల వేసవి సెలవులూ ఈ నిషేధమూ దాదాపు ఒకే సమయంలో రావడమే చిక్కు.

ఆ రెండు నెలల్లో పెద్ద సైజు వంజరం, చందువ మీ ముందుకు వచ్చాయంటే అవి శీతల గిడ్డంగి నుంచి వచ్చినవో, నిషేధం తేదీలు వేరుగా ఉండే పడమటి తీరం నుంచి వచ్చినవో అయివుంటాయి. అది మోసమేమీ కాదు, ధర మాత్రం తాజా చేపల ధర అడిగితే బేరం ఆడవచ్చు. నా సలహా అడిగితే, ఆ రోజుల్లో చెరువుల వైపు తిరగమంటాను. రొయ్యలు, పండుగప్ప, మండపీత అన్నీ కృష్ణా, గోదావరి జిల్లాల చెరువుల నుంచి ఏడాది పొడవునా వస్తాయి. అసలు తీరంలో మనం తినే రొయ్యల్లో చాలాభాగం 2009లో మన దేశంలో సాగుకు అనుమతి పొందిన వనామి రకానివే. సముద్రపు రొయ్యను తిన్నవారికి రుచిలో తేడా వెంటనే తెలుస్తుంది, కాని చింతచిగురుతో వండిన చెరువు రొయ్యను తక్కువ చేసి మాట్లాడడానికి నాకు నోరు రాదు. చింతచిగురు కూడా సరిగ్గా ఎండాకాలం మొదట్లోనే వస్తుంది.

పులుసు తెప్పించుకోవాలా, వేపుడా, ఇగురా?

చేపను బట్టి వంట. చాలామంది వంటను ముందు ఎంచుకొని చేపను తరువాత ఎంచుకుంటారు, దాంతో మంచి చేప తగని వంటలో పడి పాడవుతుంది. వంజరం ముక్కలు గట్టిగా ఉంటాయి, ముళ్లు తక్కువ, పెనం మీద వేపుడుకు అదే సరి. చందువను ముక్కలు చేయకుండా పక్కలకు గాట్లు పెట్టి, మసాలా పట్టించి కాల్చడం ఉత్తమం. నెత్తళ్లు, కవ్వళ్లు వంటి చిన్న చేపలకు నూనెలో కరకరలాడే వేపుడు ఒక దారి, చింతకాయ వేసిన పలుచని పులుసు ఇంకొక దారి. సొరచేపను (షార్క్) ముక్కలుగా ఎవరైనా వేపుడు చేస్తామంటే వద్దనండి. దాన్ని ఉడికించి, చర్మం తీసి, కండను చేతితో పొడిచేసి, ఉల్లి, పచ్చిమిర్చి, అల్లం వెల్లుల్లితో వేయించే సొరపుట్టు తీరం అంతటా ఉన్న వంట. పుట్టు అడిగితే ఇల్లాలి ముఖం వెలగడం నేను రెండు మూడు చోట్ల చూశాను.

పులుసు విషయానికి వస్తే ఊరికొక తీరు. నెల్లూరు వైపు పులుసులో పుల్లమామిడి ముక్కలు పడతాయి, మెంతి వాసన వస్తుంది, రంగు ముదురుగా ఉంటుంది. గోదావరి వైపు కొన్ని పులుసుల్లో బెండకాయ వేస్తారు. ఉత్తరాంధ్రలో పులుసు కాస్త పలుచగా, కారం ముందుండేలా చేస్తారు. అన్నిచోట్లా ఒకటే నియమం: ముక్కలు వేశాక గరిటె పెట్టరు. ఒకసారి ఉప్పాడ దారిలో పొయ్యి పక్కనే బల్ల దొరికి, ఆ పని దగ్గరగా చూసే వీలు కలిగింది. ఆమె పాత గుడ్డతో మట్టిదాక అంచులు రెండు వైపులా పట్టుకొని, పొయ్యి మీద నుంచి అంగుళం పైకెత్తి, చంటిపిల్లను ఊపినట్టు అటొకసారి ఇటొకసారి తిప్పి దింపేది. ముక్క చెదరలేదు, పులుసు అడుగంటలేదు. నూనె పైకి తేలి అంచుల చుట్టూ ఎర్రటి గీతలా నిలిచిన తరువాతే దించింది. అప్పుడు కూడా మాకు వెంటనే వడ్డించలేదు, "కాసేపాగండి, ముక్కకి పులుసు పట్టాల" అని మూత పెట్టేసింది.

అందుకే రాత్రికి పులుసు మేలని అన్నాను. పొద్దున వండిన పులుసు సాయంత్రానికి పాడవదు సరికదా, ముక్కలోకి పులుపు, ఉప్పు ఇంకి మరింత బాగుంటుంది. వేపుడు మాత్రం పెనం మీద నుంచి నేరుగా ఆకులోకి రావాలి. మళ్లీ వేడిచేసిన వేపుడు ఎవరికీ పెట్టకూడదు.

పులస దొరుకుతుందా? అంత డబ్బు పెట్టడం సమంజసమేనా?

సముద్రంలో ఉన్నప్పుడు దాన్ని ఇలస అంటారు. వరదకాలంలో గోదావరి ఎర్రనీటికి ఎదురీది లోపలికి వచ్చాక అదే పులస. జులై నుంచి సెప్టెంబరు వరకు, యానాం, ధవళేశ్వరం, అంతర్వేది చుట్టుపక్కల మాత్రమే అడగవలసిన చేప ఇది. విశాఖ బీచ్ రోడ్డులో డిసెంబరు నెలలో పులస ఉందని ఎవరైనా అంటే నవ్వి ఊరుకోండి. సీజన్‌లో కూడా ఒడిశా నుంచి, ఇతర చోట్ల నుంచి వచ్చిన ఇలసను పులస పేరుతో అమ్మడం పరిపాటి. చూపుకు రెండూ ఒక్కలాగే ఉంటాయి కనుక కొత్తవారికి తేడా పట్టుకోవడం కష్టం.

పుస్తెలు అమ్మైనా పులస తినాలన్న సామెత అందరికీ తెలిసిందే. ఒక్కో చేప వేల రూపాయలు పలుకుతుంది. సమంజసమా అంటే, నా మట్టుకు నేను ఒకసారి తిన్నాను, తిన్నందుకు చింత లేదు, రెండోసారి కోసం పరుగెత్తాలనీ అనిపించలేదు. సన్నని ముళ్లు లెక్కలేనన్ని ఉంటాయి. తొందరపడి తినేవారికీ, చిన్నపిల్లలకూ అది తగిన చేప కాదు. తెలిసిన కుటుంబం ద్వారా ముందురోజే చెప్పించుకొని, సన్నని సెగ మీద వండించుకునే వీలుంటేనే ఆ ఖర్చు పెట్టండి.

తూకం ప్రకారం ధర చెబుతారు, మోసపోకుండా ఉండేదెలా?

మూడు సంగతులు వంట మొదలయ్యేలోగా తేల్చుకోవాలి: కిలో ధర ఎంత, తూకం శుభ్రం చేయకముందా చేశాకా, వండినందుకు విడిగా తీసుకుంటారా. తల, తోక, మొప్పలు, పొట్ట తీసేశాక చేప బరువు బాగా తగ్గుతుంది, పీతల్లో అయితే సగానికి పైగా డొల్లే. కాబట్టి శుభ్రం చేయకముందు తూకమైతే ధర అందుకు తగినట్టు తక్కువగా ఉండాలి.

ఈ మాటలు అనుభవం మీద చెబుతున్నాను. ఒక ఊళ్లో, పేరు ఎందుకు, పండుగప్ప చూపించి "కిలో ఉంటుంది" అన్నారు, మేమూ తల ఊపాం. బిల్లులో అది కిలోంపావు అయింది, దానికి తోడు వండిన ఖర్చు వేరే. అప్పటికి చేప మా కడుపులో ఉంది, తూచి చూపించమనడానికి ఆధారమేదీ లేదు. గొడవపడితే సాయంత్రం పాడవుతుందని డబ్బు ఇచ్చేశాం. తప్పు వాళ్లది ఎంతో, మాదీ అంతే. ఆ తరువాత నుంచి త్రాసు మీద పెట్టిన చేపను ఫోనులో ఒక ఫోటో తీసుకుంటున్నాను. ఇంతవరకు ఎవరూ అభ్యంతరం చెప్పలేదు, తూకమూ తేడా రాలేదు.

పీతల గురించి తీరంలో ఒక నమ్మకం ఉంది: అమావాస్యకు కండపట్టి ఉంటాయని, పౌర్ణమికి డొల్లగా ఉంటాయని. క్యాలెండరు చూసి వెళ్లాల్సిన అవసరం లేదు. చేతిలోకి తీసుకున్నప్పుడు పరిమాణానికి మించి బరువుగా అనిపించే పీతను ఎంచుకుంటే చాలు.

బిల్లులో పన్నులు, సర్వీసు ఛార్జీ ఎలా ఉంటాయి?

మామూలు హోటల్ భోజనం మీద జీఎస్టీ 5 శాతం. చాలా చిన్న హోటళ్లు జీఎస్టీ పరిధిలోకే రావు. తమ మొత్తం అమ్మకాల మీద తామే కొద్ది శాతం పన్ను కట్టే కాంపోజిషన్ పథకంలో ఉన్నవారు బిల్లులో వినియోగదారుడి నుంచి విడిగా పన్ను వసూలు చేయకూడదు. సర్వీసు ఛార్జీని తప్పనిసరిగా కలపరాదని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జులైలో మార్గదర్శకాలు ఇచ్చింది, ఢిల్లీ హైకోర్టు 2025 మార్చిలో వాటిని సమర్థించింది. ఇంటివాళ్లు నడిపే చోట ఈ గొడవ చాలా అరుదు. ఎదురైతే 1915 నంబరుకు ఫోన్ చేసి ఫిర్యాదు చేయవచ్చు. ఒడ్డున ఫోను సిగ్నల్ ఎప్పుడు ఉంటుందో చెప్పలేం కనుక కొంత నగదు దగ్గర ఉంచుకోండి.

చిన్నపిల్లలకు ఏవి పెట్టవచ్చు?

నడిముల్లు తప్ప పెద్దగా ముళ్లు లేని వంజరం, పండుగప్ప పిల్లలకు అనుకూలం. వడ్డించేవారికి ముందే చెబితే పొట్టవైపు ముక్కలు కాకుండా తోకవైపువి ఏరి పెడతారు, కారం తక్కువగా పట్టించిన రెండు ముక్కలు విడిగా వేయిస్తారు. గర్భిణులు సొర వంటి పెద్ద వేటచేపలను, పెద్ద సైజు వంజరాన్ని తరచుగా తినకపోవడం మంచిది. పెద్ద చేపల్లో పాదరసం ఎక్కువగా చేరుతుంది. చిన్న చేపలతో ఆ భయం తక్కువ.

మాలో ఒకరికి రొయ్యలు పడవు. ఆ హోటల్‌లో చేపలు తినవచ్చా?

జాగ్రత్తగా ఆలోచించవలసిన విషయం ఇది. రొయ్యలు, పీతలు పడనివారికి చేపలు పడవచ్చు, అవి వేరే కోవకు చెందినవి. కాని చిన్న వంటగదిలో ఒకటే మూకుడు, ఒకటే నూనె. రొయ్యలు వేయించిన నూనెలోనే మీ చేప ముక్క కూడా వేగుతుంది. రొయ్యల్లో అలర్జీ కలిగించే మాంసకృత్తి వేడికి నశించేది కాదు. కొన్ని ఇళ్లలో వంకాయ కూరలో, పొడుల్లో ఎండు రొయ్యలు కలిపే అలవాటు కూడా ఉంది, అది కంటికి కనిపించదు. "మా అబ్బాయికి రొయ్య తగిలినా ఊపిరాడదు అక్కా, కొత్త నూనెలో వేరే పెనం మీద వేయించగలరా?" అని స్పష్టంగా అడగండి. పడదంటే మొహమాటంగా "ఇష్టం లేదు" అని చెప్పే అలవాటు మనకు ఉంది, ఇక్కడ అది ప్రమాదకరం. ఇదివరకు తీవ్రంగా ఇబ్బంది పడినవారు మాత్రం అలాంటి చోట తినకపోవడమే క్షేమం. పెదవులు వాచడం, ఊపిరి ఆడకపోవడం వంటివి కనిపిస్తే ఆలస్యం చేయకుండా 108కి ఫోన్ చేయాలి.

చేపల పులుసు తిన్నాక పెరుగన్నం తినకూడదా?

చేపలు, పాలు కలిపి తినడాన్ని ఆయుర్వేదం విరుద్ధాహారంగా చెబుతుంది. ఇంట్లో పెద్దలు ఆ నియమం పాటిస్తే పాటించండి. రెండూ కలిపి తింటే బొల్లి వస్తుందన్న మాటకు మాత్రం ఆధునిక వైద్యంలో ఆధారం లేదు. తీరం హోటళ్లలో మజ్జిగ అడగకుండానే వస్తుంది.

మాతో శాకాహారులు ఉన్నారు. వారికి భోజనం దొరుకుతుందా?

పప్పు, ఒక వేపుడు, చారు, పెరుగు దాదాపు అన్నిచోట్లా ఉంటాయి. పాత్రలు వేరుగా ఉంటాయని మాత్రం అనుకోవద్దు. నియమంగా ఉండేవారికి వేరే హోటల్‌లో భోజనం పెట్టించి, వారిని ఇక్కడ కూర్చోబెట్టి కొబ్బరినీళ్లు ఇప్పించడం మర్యాద.

శుభ్రతను ఎలా అంచనా వేయాలి?

గోడకు అతికించిన రంగురంగుల బోర్డు కంటే రెండు చోట్ల చూడండి: నూనె మూకుడు, చేపలు కోసే చోటు. నూనె నల్లబడి, నురుగు కడుతూ, పొగ వదులుతుంటే అందులో వేయించినది వద్దని పులుసు అన్నంతో సరిపెట్టుకోండి. చేపలు కోసే చోట నీళ్లు పారుతూ ఉండి, వ్యర్థం ఎప్పటికప్పుడు తీసేస్తుంటే ఇంటివాళ్లకు శ్రద్ధ ఉన్నట్టే. ఆహార భద్రతా సంస్థ ఇచ్చే 14 అంకెల నంబరు గోడ మీద ఉండాలి. చేపలను భద్రపరిచే ఐసు వేరు, తాగే వాటిలో వేసే ఐసు వేరు. ఆ తేడా తెలియని చోట నిమ్మసోడాలో ఐసు వద్దనండి. విదేశాల నుంచి వచ్చిన బంధువులు ఉంటే నీళ్ల సీసా వెంట తెచ్చుకోవడం మంచిది. పాక నేల మట్టిదైనంత మాత్రాన అది మురికి హోటల్ కాదు.

ఒడ్డున మేమే చేపలు కొని తెస్తే వండిపెడతారా?

చాలాచోట్ల పెడతారు, కిలోకు ఇంత అని తీసుకుంటారు. కాని ముందు హోటల్‌లో మాట్లాడుకొని తరువాత కొనండి. ఆదివారం మధ్యాహ్నం నాలుగు కిలోల పీతలు మోసుకొచ్చి పొయ్యి ఖాళీ లేదనిపించుకున్నవారిని చూశాను. ఒడ్డున గంపల దగ్గర కూర్చునే ఆడవాళ్లు చెప్పే మొదటి ధరకు బేరం ఉంటుంది. వారినే శుభ్రం చేయించి ఇమ్మంటే కొద్ది డబ్బుకు మీ కళ్ల ముందే, ముక్క ఎంత ఉండాలో అంత కోసి ఇస్తారు.

వడ్డనకు గంట పడుతుందంటున్నారు. ఎందుకు?

మీరు చెప్పిన తరువాతే కోయడం, మసాలా పట్టించడం మొదలవుతుంది కాబట్టి. ముందురోజు ఫోన్ చేసి ఎంతమంది, ఏ వేళకు అని చెబితే ఈ ఇబ్బంది ఉండదు. ఆకలితో ఉన్న పిల్లలను ఆ గంట సేపు అలల్లోకి వదిలేయకండి. విశాఖ తీరంలో చాలాచోట్ల నీటి లోపలి లాగుడు బలంగా ఉంటుంది, ఏటా ప్రాణాలు పోతున్నాయి.

ఏ రోజుల్లో వెళ్లకపోవడం మంచిది?

కనుమ నాడు, జనవరి 1న, ఏ ఆదివారమైనా సరే, వంటగది సామర్థ్యానికి మించి జనం ఉంటారు. పులుసు పలుచబడుతుంది, వేపుడు సగం వేగి వస్తుంది. దీనికి పూర్తిగా భిన్నమైనది కార్తీకమాసం. ఆ నెలలో చాలా కుటుంబాలు నీచు ముట్టవు కాబట్టి గిరాకీ పడిపోతుంది, కొందరు హోటల్ మూసి మరమ్మతులు చేసుకుంటారు. తెరిచి ఉన్న చోట మాత్రం చేప చవక, ఇల్లాలికి తీరిక, బల్లలన్నీ ఖాళీ. మీకు ఆ పట్టింపు లేకపోతే అంతకు మించిన కాలం లేదు, కాకపోతే వాతావరణం చూసుకోవాలి. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు తుఫానుల కాలం. విశాఖను హుద్‌హుద్ తాకింది 2014 అక్టోబరు 12న. హెచ్చరిక జారీ అయితే తెప్పలు ఒడ్డు దాటవు. హైదరాబాద్‌లో ఉన్న ఇన్‌కాయిస్ సంస్థ పెద్ద అలల హెచ్చరికలను ముందుగానే ఇస్తుంది. బయలుదేరే ముందు రోజు వాటిని చూసుకుంటే ప్రయాణం వృథా కాదు.

తినకూడనివి ఏమైనా ఉన్నాయా?

సముద్రపు తాబేలు మాంసం, గుడ్లు ఎవరైనా చాటుగా ఇస్తామన్నా ముట్టవద్దు. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ప్రకారం అది నేరం. జనవరి నుంచి ఏప్రిల్ వరకు ఆలివ్ రిడ్లే తాబేళ్లు మన తీరానికే గుడ్లు పెట్టడానికి వస్తాయి.

హైదరాబాద్‌కు పార్సిల్ తీసుకెళ్లవచ్చా?

వేపుడు వద్దు, రైలు కదిలేలోపే మెత్తబడుతుంది. పచ్చి చేప తీసుకెళ్లాలంటే శుభ్రం చేయించి, ఉప్పు పసుపు రాయించి, థర్మోకోల్ పెట్టెలో చేప కింద ఒక వరుస, పైన ఒక వరుస ఐసు నిండుగా వేయించాలి. కరిగిన నీరు చేప మీద నిలవకుండా సంచీలో మూట కట్టమని చెప్పండి. ఎండు నెత్తళ్లు కొంటే ఇసుక లేకుండా, విరిస్తే పెళుసుగా విరిగేవి చూసి కొనండి. చేతికి మెత్తగా తగిలేవి ఇంటికి చేరేసరికి బూజు పడతాయి.

పులుసు అయితే స్టీలు క్యారియరులో పోయించుకోండి, ప్లాస్టిక్ డబ్బాలో పులుపు, వేడి రెండూ కలిసి వాసన మారుతుంది. చల్లారిన తరువాతే మూత బిగించాలి. సాయంత్రం రైలు ఎక్కి పొద్దున దిగేవారైతే చలికాలంలోనే ఈ సాహసం చేయండి. ఇంటికి చేరగానే ఒకసారి తెర్లనిచ్చి, గరిటె పెట్టకుండా గిన్నెను అటూ ఇటూ తిప్పి, వేడన్నంలో వేసుకోవాలి.